ముప్పై ఒకటో పెట్టె

రోజు 1

అడవి శాఖవాళ్ళు ఈ పుస్తకం చేతికిచ్చి, రోజూ నడిచిన దూరం, కనబడిన జంతువులు, మార్చిన బ్యాటరీలు రాస్తే చాలన్నారు. పదహారు కిలోమీటర్లు. రెండు దుప్పుల గుంపులు, ఒక పెద్ద ఉడుత. మొదటి పెట్టె రేపు వస్తుంది. మిగిలిన పేజీ నాదే అనుకుంటున్నాను. వద్దని ఎవరూ అనలేదు.

పొద్దున ఆరింటికి కంచె తలుపు తీశారు. కాపలా ఆయన మా ఇద్దరి చేతులకూ కడియాలు తొడిగి, బిగువు చూసి, చెప్పాల్సింది చెప్పాడు.

"ఒంట్లో వేడి నూట రెండు దాటి గంటసేపు దిగలేదంటే ఈ కడియమే మాకు కబురు పెడుతుందండి. బండి ఎగురుకుంటూ వచ్చి ఇద్దర్నీ తీసుకొచ్చేస్తుంది. ఒకరు రావడం, ఒకరు నడవడం కుదరదు. ఈలోగా ఏదన్నా అయితే ఈ ఎర్ర గుండీ మూడు లెక్కపెట్టేదాకా నొక్కిపట్టండి. మాట్లాడుకోడానికి మాత్రం ఇది పనికిరాదు."

తలుపు మా వెనక మూసుకుంది.

నాకు యాభై ఏడేళ్ళు. నేను పుట్టడానికి మూడేళ్ళ ముందే అడవులు మూసేశారు. నాకు తెలిసిన చెట్లన్నీ మా నాలుగో అంతస్తు వరండాలో కుండీల్లో ఉన్నవే. మొదటి అరగంట కాళ్ళకేసి చూసుకుంటూనే నడిచాను. నేల ఒక్క అడుగు మేరా చదునుగా లేదు. రత్నంగారు ముందు నడుస్తున్నారు. ఆవిడా అడవిలోకి రావడం ఇదే మొదటిసారి. అయినా తల కొంచెం పక్కకు వంచి, "ఇప్పుడు ఎడమ పక్కన వాగొస్తాది సూడండి," అన్నారు. పది నిమిషాలకు వాగు వచ్చింది.

రోజు 2

పద్నాలుగు కిలోమీటర్లు. ఎలుగు అడుగులు, పాతవి. ఒకటో పెట్టె బ్యాటరీ మార్చాం.

పెట్టె అంటే మూరెడు పొడుగు బూడిదరంగు డబ్బా. మద్దిమానుకు గుండె ఎత్తున కట్టి ఉంది. ముందు రెండు చిల్లులు, అవే దాని చెవులు. మరలు తిప్పి, పాత బ్యాటరీ తీసి, చీమలు దులిపి, కొత్తది పెట్టి మూసేశాం. ఏడు నిమిషాల పని. అది విన్నదంతా మా ఊళ్ళో శ్రవణశాలకు చేరుతుంది. కెమెరాలు ఎందుకు పెట్టలేదంటే, మెరిసే అద్దం ఏది కనబడినా కోతులు పీకేస్తాయట.

మా ఆయన అనంతం ఆ శ్రవణశాలలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. చెవులకు తొడుగులు పెట్టుకుని కూర్చుని, ఏ పెట్టె దగ్గర ఏ జంతువు అరిచింది, ఏ వాగు ఎప్పుడు ఎండింది రాసుకోవడమే ఆయన ఉద్యోగం. అందులో ఇరవై ఆరేళ్ళు ఆయన పక్క కుర్చీ రత్నంగారిది. అడవి అంచు కూడా చూడకుండా అడవి మొత్తం తెలిసిన మనుషులు వీళ్ళిద్దరూ.

ఏడాదికి ఒక్క జంటను లోపలికి పంపుతారు. నల్లమల ఉత్తరపు అంచు నుంచి శేషాచలం దాకా నలభై ఒక్క రోజుల నడక, నలభై మూడు పెట్టెలు. ఆయనా నేనూ ఇరవై రెండేళ్ళు దరఖాస్తు పెట్టాం. మా ఇద్దరి పేర్లతో ఉత్తరం వచ్చేసరికి ఆయన పోయి ఎనిమిది నెలలైంది. పెట్టెల పని తెలిసినవాళ్ళు ఒకరుండాలి కాబట్టి ఆయన బదులు ఎవరినైనా వెతుక్కోమన్నారు. నేను ఎవరినీ వెతకలేదు. మర్నాడు రత్నంగారు చేతిలో నడక బూట్లతో మా గుమ్మంలోకి వచ్చి, "నేనొస్తా హైమమ్మా," అన్నారు. అంతకుముందు ఆవిడను రెండుసార్లే చూశాను. రెండోసారి ఆయన్ను తీసుకెళ్ళిన రోజు.

రోజు 6

పదిహేను కిలోమీటర్లు. కణితి దుప్పి ఒకటి, అడవికోళ్ళు లెక్కలేనన్ని. ఏడో పెట్టె అయింది.

పెట్టె దగ్గరికి వెళ్ళగానే రత్నంగారు కళ్ళు మూసుకుంటారు. చెట్టూ పుట్టా చూడకుండా నిలబడి కాసేపు వింటారు. ఆ తర్వాతే కళ్ళు తెరిచి, "ఓహో, నువ్వా," అన్నట్టు చుట్టూ చూస్తారు. ఈవేళ ఏడో పెట్టె దగ్గర, "వానల్లో ఈడ కప్పలు కుడిపక్క నుంచి మొదలుపెడతాయి. ఎడమపక్కవి వాటికి అరగంట తర్వాత జవాబు చెప్తాయి," అన్నారు.

ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. చారు పోసుకుంటూ ఆయన చెప్పారు, బహుశా పదేళ్ళ కింద. అప్పుడు నాకోసం దాచి తెచ్చిన మాటలా అనిపించింది. అది ఈవిడతో అనేశాకే నా దగ్గరికి వచ్చిందన్నమాట. ఆ తర్వాత మూడు కిలోమీటర్లు ఆవిడకు బాగా వెనకగా నడిచాను. ఆవిడ అటుకులు నానబెట్టి బెల్లం కలిపి ఇచ్చినప్పుడు కూడా "ఊఁ" అని మాత్రం అన్నాను. ఆవిడ అడగలేదు.

రోజు 10

పదిహేడు కిలోమీటర్లు. చిరుత అరుపు, దూరంగా. రెండు పెట్టెలు.

నడక అలవాటైంది. పొద్దున్నే డేరా విప్పి మంచు దులిపి మడతపెట్టడం నా వంతు. మూడు రాళ్ళ పొయ్యి, టీ రత్నంగారి వంతు. బొబ్బలు ఆరిపోయాయి. ఒంట్లో ఎక్కడెక్కడ ఎముకలున్నాయో ఇప్పుడు తెలుస్తోంది. ఎండ ఎక్కాక ఏగిస చెట్ల కింద ఆకులు తొక్కుతూ నడుస్తుంటే చప్పుడు భలే ఉంటుంది. "ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదు మేము," అన్నారు రత్నంగారు. "అడుగులు వినిపించాలంటే మనిషుండాల గదా."

ఆయన ఇక్కడ నడిచి ఉంటే ఎలా నడిచేవారా అని రోజంతా అనుకున్నాను. ఆయనకు మెట్లెక్కినా ఆయాసమే. మధ్యలో ఆగి, ఆయాసం కనబడకుండా, "ఉండు, వింటున్నాను," అని ఉండేవారు.

రోజు 13

తొమ్మిది కిలోమీటర్లే. పదిహేనో పెట్టె.

వెదురు పొదల్లోంచి దిగుతుంటే రత్నంగారు జారారు. లేచి దులుపుకుని నాలుగడుగులు వేశాక కూర్చుండిపోయారు. కుడి చీలమండ పైన, బూటు అంచుకు కాస్త మీద, వెదురుముల్లు దిగి విరిగింది. చిన్న పట్టకారుతో నేనే తీశాను. అంగుళం ఉంది.

"మొత్తం వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది. నాకు తెలుస్తాంది గదా. కట్టు కట్టమ్మా, పోదాం."

మందు పూసి కట్టు కట్టాను. సాయంత్రం చూస్తే వాపు పెద్దగా లేదు.

రోజు 16

పన్నెండు కిలోమీటర్లు. పద్దెనిమిదో పెట్టె, పంతొమ్మిదో పెట్టె.

వాగు కనబడితే చాలు, రత్నంగారు చేతులు మోచేతులదాకా ముంచి కూర్చుంటున్నారు. ఊళ్ళో గొట్టాల నీళ్ళు తప్ప ఎరగని మనిషి, ఇంత పారే నీరు చూస్తే ఇష్టం పుట్టదా అనుకున్నాను. నేనూ పక్కన కూర్చుని కాళ్ళు పెట్టుకున్నాను.

ముప్పై ఒకటో పెట్టె గురించి ఈవేళ మొదటిసారి ఇద్దరం మాట్లాడుకున్నాం. మాట ఎత్తింది నేనే.

ఆ పెట్టె ఒక లోయలో ఉంది. అక్కడ నీళ్ళు పైనుంచి పడతాయి. పడేటప్పుడు రెండు చప్పుళ్ళు వస్తాయి. ఒకటి నీళ్ళు నీళ్ళలో పడే చప్పుడు. రెండోది దాని వెనకాలే, ఎవరో లోపలినుంచి తలుపు తట్టినట్టు. ఆ రెండోది దేనివల్ల వస్తోందో ఎవరికీ తెలియదు. ఆయన ఇంట్లో వేళ్ళతో కంచం అంచుమీద కొట్టి చూపించేవారు. ఎన్ని రకాలుగా కొట్టినా, "ఊహుఁ, ఇది కాదు," అనేవారు.

"బోలు మాను అనేవాడు ఆయన," అన్నారు రత్నంగారు. "పడిపోయిన పెద్ద మాను, లోపల తొర్ర, దానిమీద నీళ్ళు పడతాండాయని. నేనేమో కాదు, గుంట పడిన రాయి అనేదాన్ని. పదకొండేండ్లు కొట్లాడుకున్నాం దానికోసం. రాయా, మానా?"

"మీరు వెళ్ళి చూడొచ్చుగా అని ఆయన్ను అడిగేదాన్ని నేను."

"నాతోనూ అన్నాడు, హైమను తీసుకొని పోయి చూసొస్తానని. నువ్వు ఓడిపోతావు రత్నం అన్నాడు."

నీళ్ళు కాళ్ళమీద నుంచి పోతున్నాయి. నా పేరు ఆయన అక్కడ కూడా అనేవారని నాకు తెలియదు.

ఇంకో సంగతి చెప్పారు. బ్యాటరీ ఏడాదికి మించి రాదు. మార్గశిరం దాటితే పెట్టెలు ఒక్కొక్కటే మూగబోతాయి. మూగబోయినదాన్ని శాఖ మళ్ళీ పలకరించదు. పటంలో దానిమీద గీత కొట్టేస్తారు. ఒకప్పుడు ఎనభై ఉండేవట.

రోజు 19

పదకొండు కిలోమీటర్లు. ఇరవై మూడో పెట్టె. జంతువులు రాయలేదు, చూడలేదు.

మధ్యాహ్నం తునికిచెట్టు నీడన ఆగాం. రత్నంగారు కాలు చాపుకుని రాతికి ఆనుకున్నారు. కునుకు పట్టినట్టుంటే నేను సంచులు సర్దుతున్నాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే నవ్వారు.

"మీ ఆయన రోజూ మధ్యాన్నం నిద్రపోయేవాడు కుర్చీలోనే. తెలుసునా నీకు?"

"తెలియదు."

"చెవులకు తొడుగులు పెట్టుకోనే. మా పెద్దాఫీసరు వచ్చే టైముకు నేను భుజం తట్టి లేపేదాన్ని. కండ్లు తెరవకుండా ఏమనేవాడో చెప్పనా? 'హైమా, ఐదు నిమిషాలు' అనేవాడు. ఇరవై ఆరేండ్లు నేను హైమనే ఆ టైములో."

ఇంట్లో ఆదివారాలు కూడా అదే మాట అనేవారు. పోయే ముందు వారం కూడా అన్నారు. నేను సంచి తాడు ముడి వేస్తూ ఉండిపోయాను. ఎంతసేపు వేసినా ముడి పడలేదు. ఆవిడ నా చేతుల్లోంచి తాడు తీసుకుని ముడివేసి ఇచ్చింది.

"పోదామా అక్కా," అన్నాను. అలా పిలవడం అదే మొదలు.

రోజు 22

ఎనిమిది కిలోమీటర్లు. ఇరవై ఏడో పెట్టె.

అక్క కుంటుతోంది. అడిగితే, "పాత బూట్లు, కరుస్తాండాయి," అంటుంది. కట్టు మారుస్తానంటే తనే మార్చుకున్నానంటుంది. మందుల డబ్బాలో జ్వరం మాత్రలు ఇరవై ఉండాలి. ఈవేళ తలనొప్పికి ఒకటి తీసుకుందామని చూస్తే నాలుగున్నాయి. అడగబోయి ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. ముప్పై ఒకటి ఇంకా మూడు రోజుల దూరంలో ఉంది, అందుకు.

ఎండలో ఆగినప్పుడు తనే మొదలుపెట్టింది.

"హైమా, నీకొక మాట చెప్పాల. చెప్పకుండా నీతో నడవడం బాగలేదు."

"చెప్పక్కా."

"నాకు ఆయనంటే ఇష్టముండింది. చానా ఏండ్లు. చెప్పలేదెప్పుడూ. చెప్పేదానికేముంది, ఆయన నీ మనిషి."

ఒక పాలపిట్ట ఎదురుగా ఎండుకొమ్మ మీద వాలింది. దాన్నే చూస్తూ అడిగాను. "ఆయనకు తెలుసా?"

"చెవుల్లో అడవి పెట్టుకున్న మనిషికి పక్క కుర్చీ యాడ వినపడతాది," అని నవ్వింది. నవ్వి పెదాలు తడుపుకుంది. పెదాలు పగిలి ఉన్నాయి.

కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. రాలేదు. ఈ భూమ్మీద ఆయన కోసం నాలాగే తపించే మనిషి ఇంకొకరున్నారని తెలిస్తే ఒంటరితనం కొంచెం తగ్గినట్టయింది. "నాకు అనుమానం ఉండేది," అన్నాను. "నీకు గోంగూర పచ్చడి కట్టిమ్మని ఆయన అడిగినప్పుడల్లా కారం ఎక్కువేసేదాన్ని."

"అందుకా," అంది అక్క. "నేను అదే ఇష్టమనుకొని తినేదాన్ని."

రోజు 24

ఉదయం ఇరవై తొమ్మిదో పెట్టె. తర్వాత నడిచిన దూరం లెక్కపెట్టలేదు.

పెట్టె మూత బిగిస్తూ చూస్తే పక్కన అక్క లేదు. వాగు ఒడ్డున పడుకుని ఉంది. కడియం ఉన్న చెయ్యి పూర్తిగా నీళ్ళలో ఉంది. కడియం చుట్టూ తడిగుడ్డ చుట్టి ఉంది. అప్పుడు అర్థమైంది. చేతులు వాగుల్లో ముంచింది నీళ్ళమీద ఇష్టంతో కాదు. కడియం చల్లగా ఉంటే వేడి తక్కువ చూపిస్తుంది.

నుదురు మీద చెయ్యి వేస్తే కాలింది. బలవంతంగా బూటు లాగి కట్టు విప్పాను. చీలమండ నుంచి పిక్క సగందాకా ఎర్రగా బిర్రుగా ఉంది. ముల్లు దిగిన చోట నల్లగా ఉంది. పైకి ఒక ఎర్ర గీత మోకాలి వైపు పోతోంది. ముల్లు మొత్తం రాలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వారం పైనే."

"చచ్చిపోతావు."

"ఇంగ ఒకటిన్నర రోజే హైమా. ఇరవై కిలోమీటర్లు. బండి పిలిస్తే ఇద్దరినీ తీసుకుపోతారు. ముప్పై ఒకటి మూగదైపోతాది. ఆ చప్పుడు మళ్ళా ఎవరూ వినరు." మాట్లాడడానికే రొప్పుతోంది. "నేనీడ నీళ్ళ పక్కన ఉంటా. చెయ్యి నీళ్ళలోనే పెట్టుకుంటా. నువ్వు పో. మార్చేసి రా. మూడు దినాలకు తిరిగొస్తావు. నీళ్ళుండాయి, తిండుండాది, మాత్రలు రెండుండాయి."

"నేను వెళ్ళను."

"ఆయన కోసం పొమ్మంటాండా. నా కోసం కూడా."

ఇప్పుడు రాస్తున్నది శాఖవాళ్ళు చదువుతారని తెలుసు. చదవనీ. నేను వెళ్ళాను. అక్క పక్కన నీళ్ళ సీసా, అటుకులు, మాత్రలు పెట్టి, డేరా గుడ్డ నీడకట్టి, బ్యాటరీల సంచి భుజాన వేసుకుని బయలుదేరాను. తొందరగా నడిచాను. మూడు రోజులు తనకేమీ కాదని నాకు నేను చెప్పుకున్నాను. లోయ, నీళ్ళు, ఆయన వేళ్ళు కంచం మీద, ఇవే నా తలనిండా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన చోటు. ఇంతకుముందు ఏ రోజూ అంత వేగంగా నడవలేదు.

ఒక చోట దారి రెండుగా చీలింది. "ఎటు పోవాలక్కా?" అని పైకే అడిగాను. ఇన్ని రోజులుగా దారి చీలిన ప్రతిచోటా తనే కళ్ళు మూసుకుని విని చెప్పేది. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. పక్కన ఎవరూ లేరు. నేను ఒక మనిషిని నీళ్ళ ఒడ్డున చావడానికి వదిలి వచ్చానని అప్పుడు తెలిసింది. తెలియకేం, బయలుదేరినప్పుడే తెలుసు. ఒప్పుకున్నది అప్పుడు.

సంచి అక్కడే పడేసి వెనక్కి పరుగెత్తాను. దారిలో రెండుసార్లు పడ్డాను.

అక్క చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది. కళ్ళు సగం మూసుకుని ఏదో గొణుగుతోంది. చెయ్యి పైకి తీసి, తడిగుడ్డ పీకేసి, నా చీర కొంగుతో కడియం తుడిచాను. ఆ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది, అంత జ్వరంలోనూ.

"వద్దు హైమా."

"ఊరుకో అక్కా," అని ఎర్ర గుండీ నొక్కిపట్టాను. ఒకటి, రెండు, మూడు. ఇంకా నొక్కుతూనే ఉన్నాను, పది దాకా.

బండి రావడానికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ తన తల ఒళ్ళో పెట్టుకుని, తడిగుడ్డ ఈసారి నుదుటిమీద వేసి కూర్చున్నాను. ఒకసారి కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టకుండా చూసి, "టైమైంది, లేయండి," అంది.

రోజు 24, తర్వాత

బండి నడిపే ఆయన పేరు ఇమ్మానుయేలు. యాభై దాటినవాడే. నేనూ ఆయనా కలిసి అక్కను మంచం మీదికి ఎక్కించి పట్టీలు బిగించాం. సూది ఆయనే వేశాడు. తను మగతలోకి జారుకుంది.

బండి పైకి లేచాక అడవి ఒక్కసారిగా కిందికి పోయింది. ఇరవై నాలుగు రోజులు నడిచినదంతా ఒక పచ్చని ముద్దయింది.

లోయ మాట అడగకూడదనుకున్నాను. అయినా ఆయనే అడిగాడు.

"ఇంకెంత దూరం మిగిలిందండి మీకు?"

"ఇరవై కిలోమీటర్లు," అన్నాను. "ముప్పై ఒకటో పెట్టె. నీళ్ళు పడే లోయ."

ఆయన పటం చూశాడు. "మనం పోయే దారే అది. దించడం కుదరదండి, ఒప్పుకోరు. దించకుండా లోయలోంచి పోవచ్చు. నిమిషం కూడా ఆలస్యం కాదు."

అక్క వైపు చూశాడు, నన్ను చూశాడు. నేను తల ఊపాను.

రెండు కొండల మధ్యకు దిగాం. చెట్ల కొసలు బండి గాలికి వంగిపోయాయి. ఎదురుగా నల్లటి కొండచరియ, దానిమీద నుంచి నీళ్ళు. నేను అనుకున్నంత పెద్ద జలపాతం కాదు. సన్నటి ధార. సగం దూరం పడ్డాక రాతి అంచుకు తగిలి రెండు పాయలవుతోంది. ఒక పాయ మడుగులో పడుతోంది. రెండో పాయ కింద ఒక పొడుగాటి రేకు కప్పు ఉంది. పైభాగం పచ్చగా పాచిపట్టి, అంచుల దగ్గర ఇంకా కొంచెం ఎరుపు. వరుసగా కిటికీలు. ఒక కిటికీలోంచి మేడిచెట్టు బయటికి వచ్చి పైకి పెరిగిపోయింది. ముందు భాగం మడుగులో కూరుకుపోయి ఉంది.

"బస్సు," అన్నాడు ఇమ్మానుయేలు. "పైన ఘాట్ రోడ్డుండేదండి అప్పట్లో. మా తాత ఇట్టాంటివి నడిపాడు."

బండి హోరులో నాకు నీళ్ళ చప్పుడు వినబడలేదు. అద్దానికి ముఖం ఆనించి చూశాను. నీళ్ళు కప్పుమీద పడి చిట్లుతున్నాయి, ఏ చప్పుడూ లేకుండా. ఒక్క క్షణమే. ఆ తర్వాత కొండ అడ్డం వచ్చింది.

అక్కను లేపుదామని తిరిగాను. నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.

నడక ఆగిన ఐదో రోజు

ఆసుపత్రి. పుస్తకం వెనక్కి ఇవ్వమని శాఖ మనిషి వచ్చాడు. ఇంకా రాయడం పూర్తి కాలేదని పంపేశాను.

అక్క కాలు దక్కింది. పిక్కలోంచి రెండంగుళాల వెదురు తీశారు. పిక్క కండ కొంత తీసెయ్యాల్సి వచ్చింది. కర్ర లేకుండా నడవడం కష్టమే అన్నారు డాక్టరు.

ఈవేళే నిటారుగా కూర్చుంది. నేను ఆ లోయ మీదుగా వచ్చామని చెప్పాను. చాలాసేపు కిటికీ బయటికి చూసింది. కిటికీ బయట ఎదుటి మేడ గోడ తప్ప ఏమీ లేదు.

"నామీద కోపమా?" అని అడిగాను.

"గుండీ నొక్కినందుకా? ఉండాది. పోతాది," అంది. "నన్నిడిచి పోయినావంట గదా ముందు. నర్సుకు చెప్పి ఏడ్చినావంట."

"ఊఁ."

"పొమ్మనింది నేను. నువ్వేమో తిరిగొచ్చినావు." దుప్పటి సరిచేసుకుంది. "సరే, చెప్పు. రాయా, మానా?"

"రెండూ కాదు. బస్సు."

అర్థం కానట్టు చూసింది. చెప్పాను. రేకు కప్పు, కిటికీలు, మేడిచెట్టు, కూరుకుపోయిన ముక్కు, ఎరుపు. చెబుతున్నంతసేపూ తల పక్కకు వంచి వింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కాలు నొప్పి పుట్టి ఆపుకోబోయి ఆపుకోలేక నవ్వింది. పక్క మంచం ఆవిడ లేచి చూసింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో తనకూ తెలిసినట్టు లేదు.

"పదకొండేండ్లు కొట్లాడుకున్నాం," అంది. "ఈ మాట ఆయనకు చెప్పాల."

"చెబితే నమ్మరు."

"నమ్మడు. వినిపించమంటాడు."

నడక ఆగిన ముప్పై మూడో రోజు

మార్గశిరం వెళ్ళిపోయింది. ముప్పయ్యో పెట్టె మొన్న మూగబోయింది. ముప్పై ఒకటి ఈవేళో రేపో అని అక్క కబురు పెట్టింది.

శ్రవణశాలలోకి నేను ఇంతకుముందెప్పుడూ వెళ్ళలేదు. కిటికీలు లేని చిన్న గది. రెండు కుర్చీలు. అక్క తన కుర్చీలో కూర్చుని, కట్టు కాలు స్టూలు మీద పెట్టుకుంది. రెండో కుర్చీ చూపించింది. సీటు ఎడమవైపు కొంచెం కుంగి ఉంది. ఆయన ఎడమకు ఒరిగి కూర్చునేవారు, ఇంట్లో కూడా. కూర్చున్నాను.

తొడుగులు తనే నా చెవులకు పెట్టింది.

ముందు గాలి. తర్వాత ఎక్కడో అడవికోడి. తర్వాత నీళ్ళు నీళ్ళలో పడే చప్పుడు, దాని వెనకే రెండోది. ఆయన కంచం మీద ఎన్నోసార్లు కొట్టి ఇది కాదన్నది. కళ్ళు మూసుకుంటే బస్సు కనబడింది. నీళ్ళు పడుతున్నాయి, చిట్లుతున్నాయి. సాయంత్రం నాలుగు దాకా విన్నాం. మధ్యలో అక్క టీ తెప్పించింది. ఒక చెవి తొడుగు తప్పించి తాగాం.

నాలుగున్నరకు చప్పుడు పలచబడింది. దూరం జరుగుతున్నట్టుంది. ఒకసారి తెగి మళ్ళీ వచ్చింది. అక్క పుస్తకంలో సమయం రాసుకుంది. ఐదుకు ఇంకో పది నిమిషాలుండగా ఏమీ లేదు.

కాసేపు చూసి నేను తొడుగులు తియ్యబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. తనూ తియ్యలేదు.

"ఇంకాసేపు ఉందాం," అంది.